చిన్న ఫైలు వస్తుంది, పెద్ద ఫైలు ఆగిపోతుంది: యూనిక్స్ సర్వర్‌పై ఒక నెట్‌వర్క్ దోష పరిశీలన

ఉపోద్ఘాతం

సాహిత్య, చరిత్ర శాఖలలో పరిశోధన చేసేవారికి కావలసిన మూలాధారాలు నేడు చాలావరకు ఏదో ఒక సర్వర్‌లో ఉంటున్నాయి. ఆ సర్వర్‌ను కనిపెట్టుకునే పని అనేక కళాశాలలలో ‘కంప్యూటరు తెలిసిన’ ఒక అధ్యాపకుని మీద పడుతుంది. ఈ వ్యాసకర్త కొంతకాలం అటువంటి బాధ్యత వహించినవాడే. ఆ కాలంలో ఎదురైన ఒక సమస్యను ఆధారంగా చేసుకొని, నెట్‌వర్క్ దోషాన్ని ఏ వరుసలో వెతకాలో, ఏ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సర్వర్ బర్కిలీ యూనిక్స్ వారసత్వానికి చెందిన ఫ్రీబీఎస్‌డీ మీద నడిచేది. తాళపత్రాల ఛాయాప్రతులు అందులో ఉండేవి. వాటిని అప్పటికింకా ఎఫ్‌టీపీ ద్వారానే అందించేవాళ్లం. దూరపు పీజీ కేంద్రం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఫిర్యాదు చేసింది: లాగిన్ అవుతోంది, చిన్న వివరణపత్రం దిగుతోంది, తాళపత్ర ప్రతి మాత్రం సున్నా దగ్గరే నిలిచిపోతోంది. విచిత్రమేమిటంటే, తన సిద్ధాంతవ్యాస అధ్యాయాలను అదే కంప్యూటరు నుంచి సర్వర్‌కు పంపితే అవి చక్కగా చేరుతున్నాయి. సమర్పణ గడువు మూడు వారాలు. ప్రాంగణంలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేనందున ఆమె మాటను మొదట ఎవరూ పట్టించుకోలేదు. ‘మీ కంప్యూటరులోనే ఏదో ఉంది’ అన్నవారిలో నేనూ ఒకణ్ణి.

పింగ్ చెప్పేదెంత?

సాధారణ పరీక్షలు త్వరగానే ముగిశాయి. ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో చూస్తే ఇంటర్‌ఫేస్ సజీవంగా ఉంది. నెట్‌స్టాట్ చూపిన మార్గపట్టిక సరిగానే ఉంది. పేరు నుంచి చిరునామా వస్తోంది. సాక్‌స్టాట్ ప్రకారం ఎఫ్‌టీపీ సేవ తన పోర్టు దగ్గర వింటూనే ఉంది. ఆ కేంద్రపు రౌటర్‌కు పింగ్ చేస్తే ఒక్క ప్యాకెట్టు కూడా పోకుండా అన్నీ తిరిగివచ్చాయి. ‘పింగ్ వస్తోంది, కాబట్టి నెట్‌వర్క్ బాగుంది’ అని తేల్చేశాం. పొరపాటు జరిగింది ఇక్కడే.

1983 డిసెంబరులో మైక్ మ్యూస్ పింగ్‌ను రాసినప్పుడు దానికి సోనార్ ధ్వని పేరు పెట్టారు. అవతలివైపు ఎవరైనా ఉన్నారా అన్నది మాత్రమే అది అడిగే ప్రశ్న. యూనిక్స్‌లో పింగ్ మామూలుగా పంపే దత్తాంశం 56 బైట్లు. ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే మొత్తం 84. రైలు వంతెన కింద నుంచి సైకిలు వెళ్లింది గనుక గడ్డి లారీ కూడా వెళ్తుందని ఎవరూ అనుకోరు. పింగ్ విషయంలో మాత్రం అనుభవజ్ఞులు కూడా అలాగే అనుకుంటారు.

తీగ మీద కనిపించినది

1988లో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో వాన్ జేకబ్సన్, క్రేగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ రూపొందించిన టీసీపీడంప్ అనుమానాలతో పని లేకుండా జరిగినదాన్ని జరిగినట్టు చూపుతుంది. సర్వర్ మీద దాన్ని నడిపి, విద్యార్థినిని మళ్లీ ప్రయత్నించమన్నాను. కనెక్షన్ ఏర్పడే మూడు ప్యాకెట్ల పరిచయం సజావుగా జరిగింది. ఆ పరిచయంలో ఇరువైపులా ‘ఒక్కసారికి 1460 బైట్ల దాకా పంపవచ్చు’ అని చెప్పుకున్నాయి. తరువాత సర్వర్ 1460 బైట్ల మొదటి ఖండాన్ని పంపింది. అందినట్టు జవాబు రాలేదు. అదే వరుససంఖ్యతో అదే ఖండాన్ని మళ్లీ పంపింది. ఇంకా ఎక్కువసేపు ఆగి మరోసారి, అంతకు దాదాపు రెట్టింపు సేపు ఆగి మరోసారి. చిన్న ప్యాకెట్లకు జవాబులు వస్తూ, నిండు ప్యాకెట్లు మాత్రమే మాయమవుతుంటే దోషం పరిమాణానికి సంబంధించినదని తెలుస్తుంది.

దాని మూలం ఈ లెక్కలో ఉంది. ఈథర్నెట్ ఫ్రేములో ఒక్క విడత పట్టే ఐపీ ప్యాకెట్టు గరిష్ఠంగా 1500 బైట్లు. దీన్నే ఎంటీయూ అంటారు. ఐపీకి 20, టీసీపీకి 20 పోతే మిగిలేది 1460. ఆ పీజీ కేంద్రానికి ఉన్నది టెలిఫోను తీగ మీది బ్రాడ్‌బ్యాండ్. అందులో వాడే పీపీపీఓఈ పద్ధతి మరో 8 బైట్లు తీసుకుంటుంది. అంటే ఆ దారిలో పట్టేది 1492 మాత్రమే.

ఇటువంటి ఇరుకు దారిని కనిపెట్టే పద్ధతిని జెఫ్ మోగుల్, స్టీవ్ డీరింగ్ 1990 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 1191గా ప్రకటించారు. పంపేవాడు ప్రతి ప్యాకెట్టు మీదా ‘ముక్కలు చేయరాదు’ అన్న గుర్తు వేస్తాడు. ఇరుకైన చోట ఉన్న రౌటర్ ఆ ప్యాకెట్టును పారవేసి, ‘ముక్కలు చేయక తప్పదు, నా దగ్గర పట్టేది ఇంత’ అని ఐసీఎంపీ మూడో రకపు నాలుగో కోడ్‌తో వార్త పంపుతుంది. పంపేవాడు పరిమాణం తగ్గించుకుంటాడు. పద్ధతి మొత్తం ఆ ఒక్క వార్త మీద ఆధారపడి ఉంది. మా ప్రాంగణపు ఫైర్‌వాల్‌లో, భద్రత పేరిట, పింగ్‌కు సంబంధించిన రెండు రకాలు తప్ప మిగిలిన ఐసీఎంపీనంతా ఆపివేశారు. అందువల్లనే పింగ్ బాగుందని చెప్పింది. అందువల్లనే సర్వర్‌కు వార్త చేరలేదు. ఈ స్థితికి ‘కృష్ణబిలం’ అన్న పేరు 2000 నాటి ఆర్ఎఫ్‌సీ 2923లో కనిపిస్తుంది.

విద్యార్థిని పంపిన అధ్యాయాలు ఎందుకు చేరాయో కూడా దీనితోనే తేలుతుంది. అటునుంచి పంపేటప్పుడు ఇరుకు ఆమె సొంత రౌటర్ దగ్గరే ఉంది. ఆ వార్త మా ఫైర్‌వాల్ దాటవలసిన అవసరం లేకుండా ఆమె కంప్యూటరుకు అందింది.

నిర్ధారణ, సవరణ

ఊహను పరీక్షించడానికి మళ్లీ పింగే పనికివచ్చింది. ఫ్రీబీఎస్‌డీలో ‘-డీ’ ఐచ్ఛికం, లినక్స్‌లో ‘-ఎం డూ’ ముక్కలు చేయరాదన్న గుర్తు వేస్తాయి. 1472 బైట్ల దత్తాంశంతో, అంటే మొత్తం 1500తో పంపితే నిశ్శబ్దం. 1464తో పంపితే వెంటనే జవాబు. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా సరిగ్గా 8.

ఫైర్‌వాల్ అధికారులకు ఈ రెండు ఫలితాలతో పాటు టీసీపీడంప్ నమోదును కూడా పంపాను. అనుమతి వచ్చేదాకా ఆగడానికి గడువు ఒప్పుకోలేదు గనుక, ఆ కేంద్రానికి పోయే మార్గానికి మాత్రం రూట్ ఆదేశంతో ఎంటీయూను 1492కు తగ్గించాను. ఇంటర్‌ఫేస్ మొత్తానికి తగ్గించవచ్చు గాని, ఒకే స్థానిక నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నింటికీ ఒకే ఎంటీయూ ఉండాలన్న నియమం దానితో దెబ్బతింటుంది. ఆ సాయంత్రమే తాళపత్ర ప్రతులు దిగాయి.

నేడు ఇదే దోషం వేరే ముఖంతో కనిపిస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో తాళాల మార్పిడి దగ్గర నిలిచిపోవచ్చు. హెచ్‌టీటీపీఎస్‌లో సర్వర్ పంపే ధ్రువపత్రాలు తరచు ఒక ప్యాకెట్టులో పట్టవు కాబట్టి అసలు పుటే తెరుచుకోదు. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ముక్కలు చేయనే చేయవు. అక్కడ ఐసీఎంపీని ఆపడం మరింత ప్రమాదకరం. వార్త మీద ఆధారపడకుండా, ప్యాకెట్టు పరిమాణాన్ని మార్చి చూసుకుంటూ హద్దును కనుగొనే పద్ధతి 2007లో ఆర్ఎఫ్‌సీ 4821గా వచ్చింది. లినక్స్‌లో అది ఉన్నా, మనం మార్చేదాకా ఆపి ఉంచిన స్థితిలోనే ఉంటుంది.

ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క రకపు వార్తను అనుమతించాక మార్గానికి పెట్టిన 1492ను తొలగించి, 1472 పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి నిశ్శబ్దం లేదు. ప్యాకెట్టు పట్టదని, పట్టేది 1492 అని అవతలి రౌటర్ చెప్పింది.