కంప్యూటరునకు టెలివిజను తెర

కంప్యూటరుతో పని చేయవలెనన్న దానికై ప్రత్యేకముగా మానిటరు కొనక తీరదని పలువురు తలంచుచున్నారు. ఇంట టెలివిజను గలవారికి తరచుగా ఆ వ్యయము అక్కరలేదు. తెర పగిలినదను ఒక్క కారణముచే, లోపలి యంత్రము చక్కగా నున్నను, మూలబడిన ల్యాప్‌టాపులు కొన్ని యిండ్లలో గలవు. ప్రొజెక్టరు కొనలేని పాఠశాలలలో వెనుక బల్లలపై కూర్చుండు బాలబాలికలకు చిన్న తెరమీది అక్షరములు కనబడవు. ఇట్టివారి కుపయోగపడునని యీ విషయమును వివరింప బూనితిమి.

ఇది క్రొత్త యేర్పాటు కాదు. 1982లో ఇంగ్లండున వెలువడిన జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరునకు సొంత తెర లేదు. అది తన బొమ్మను టెలివిజను కేంద్రము పంపు సంకేతమువలె మార్చి, ఏరియలు తగిలించు చోటనుండియే పంపెడిది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై యను అరచేతి కంప్యూటరును గూడ టెలివిజనునకు నేరుగా తగిలింపవచ్చును.

మొదట రెండు యంత్రములకును గల సాకెట్టులను పరిశీలింపవలెను. 2002లో ఏర్పడిన హెచ్.డి.ఎమ్.ఐ. పద్ధతి యిప్పుడు టెలివిజనులలో సాధారణము. పందొమ్మిది పిన్నులు గల ఆ ఒక్క కేబులే బొమ్మను, శబ్దమును గూడ మోసికొనిపోవును. పాత కంప్యూటరులలో 1987 నాటి వి.జి.ఏ. సాకెట్టు కనబడును. దానికి మూడు వరుసలలో పదునైదు పిన్నులుండును. అది బొమ్మను మాత్రమే పంపును. ఈ రెంటి సంకేతములును వేఱు జాతివి గనుక వట్టి కేబులుతో వానిని కలుపుట సాధ్యము కాదు. నడుమ కన్వర్టరను చిన్న పరికరము కావలెను. కంప్యూటరుది వి.జి.ఏ., టెలివిజనుది హెచ్.డి.ఎమ్.ఐ. అయినచో, మొదటిదానినుండి రెండవదానికి మార్చు పరికరమునే అడిగి కొనవలెను. దానికి విరుద్ధమైనది చూపునకు అట్లే యుండును గాని పని చేయదు.

తగిలించుటకు ముందు రెంటిని ఆపివేయుడు. ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గులనే వాడుడు. తడిచేతులతో దేనిని ముట్టరాదు. చిన్న పిల్లలు పెద్దలు దగ్గర లేనప్పుడు ఈ పనికి పూనుకొనరాదు. కేబులు తగిలించి, మొదట టెలివిజనును, పిమ్మట కంప్యూటరును వేసి, రిమోటుపై సోర్సు లేక ఇన్‌పుట్ అను మీటను నొక్కి, కేబులున్న సాకెట్టు పేరును ఎన్నుకొనవలెను. అంతట టెలివిజను తాను చూపగల కొలతలను కంప్యూటరునకు తెలియజేయును. అప్పటికిని బొమ్మ రానిచో, విండోసు కంప్యూటరులో విండోసు గుర్తు గల మీటను, పి అక్షరమును కలిపి నొక్కి, రెండు తెరలపై ఒకే బొమ్మ కావలెనని కోరవలెను.

తరువాత సామాన్యముగా మూడు చిక్కులు గలుగును. వానిని జూచి యంత్రము చెడినదని తొందరపడరాదు.

మొదటిది, అంచులు కనబడకపోవుట. పాత పిక్చరుట్యూబులలో బొమ్మ అంచులు సరిగా నుండవు గనుక, బొమ్మను కొంచెము పెంచి అంచులను చట్రము చాటున దాచెడివారు. ఆ యలవాటు నేటి టెలివిజనులలో గూడ కొన్నిటికి మిగిలియున్నది. నాటకము చూచువానికి దానివలన లోపము లేదు గాని, కంప్యూటరు తెర అడుగు వరుస మాయమగును. టెలివిజను పిక్చరు మెనూలో స్క్రీన్ ఫిట్, జస్ట్ స్కాన్ వంటి పేర్లతో నుండు ఏర్పాటును ఎన్నుకొనిన అంచులు తిరిగి కనబడును.

రెండవది, అక్షరములు మసకబారుట. తెర యనగా చుక్కల సముదాయము. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. 1366, 768 చుక్కలు గలదానిపై 10,49,088 ఉండును. కంప్యూటరు వేఱొక లెక్కతో బొమ్మను పంపినచో టెలివిజను దానిని సాగదీసియో కుదించియో చూపవలసివచ్చును. దానితో గీతలు అలుకుకొనిపోవును. కావున తెరకు స్వంతమైన లెక్కనే కంప్యూటరు డిస్‌ప్లే సెట్టింగులలో ఎన్నుకొనవలెను.

మూడవది, శబ్దము రాకపోవుట. హెచ్.డి.ఎమ్.ఐ. కేబులున్నను, శబ్దమును తన స్పీకరునకే పంపుమని కంప్యూటరులో నిర్ణయించియున్నచో టెలివిజను మూగగా నుండును. సౌండు సెట్టింగులలో టెలివిజను పేరును ఎన్నుకొనిన చాలును. వి.జి.ఏ. అయినచో శబ్దమునకు వేఱు తీగ కావలెను.

తలిదండ్రులకు ఒక మాట. టెలివిజనును దూరమునుండి చూతుము గనుక, కంప్యూటరు అక్షరములను నూటయేబది శాతమునకు పెంచిన కన్నులకు శ్రమ తగ్గును. మఱియు టెలివిజను నడుమగదిలో నున్నచో బిడ్డ యేమి చదువుచున్నాడో, యేమి చూచుచున్నాడో ఇంటివారందరికిని తెలియుచుండును. తలుపు మూసికొని చేతిలోని చిన్న తెరను చూచుటకంటె ఇది మేలని మా యభిప్రాయము.

ఐదువేలమందికి భోజనము పెట్టిన పిమ్మట మిగిలిన ముక్కలను గంపల కెత్తించిన ప్రభువును మనము సేవించుచున్నాము. క్రొత్తది కొనుటకు ముందు ఇంట నున్నదానిని పూర్తిగా వాడుకొనుట పిసినారితనము కాదు. మిగిలిన ధనముతో ఒక బిడ్డకు పుస్తకములు కొనవచ్చును.