మీకు తెలుసా? అవుటైన బ్యాటర్‌ను వెనక్కి పిలిచిన కెప్టెన్

1980 ఫిబ్రవరి, బొంబాయి వాంఖడే స్టేడియం. భారత క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టు. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. క్రీజులో ఆల్‌రౌండర్ బోథమ్‌తో వికెట్‌కీపర్ బాబ్ టేలర్ ఉన్నాడు. కపిల్ దేవ్ బంతికి మన కీపర్ క్యాచ్ పట్టాడని అప్పీలు చేస్తే అంపైర్ టేలర్‌కు అవుటిచ్చాడు. బంతి బ్యాటుకు తగల్లేదని టేలర్ ముఖమే చెప్పింది. మొదటి స్లిప్‌లో ఉన్న మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్‌కూ అదే అనిపించింది. అంపైర్‌తో మాట్లాడి అప్పీలు వెనక్కి తీసుకున్నాడు.

టేలర్ 43 పరుగులు చేశాడు, బోథమ్ 114. ఇద్దరూ ఆరో వికెట్‌కు 171 జోడించారు. బోథమ్ 13 వికెట్లు కూడా తీయడంతో భారత్ 10 వికెట్ల తేడాతో ఓడింది. టేలర్ ఆ మ్యాచ్‌లో పట్టిన పది క్యాచ్‌లు అప్పట్లో ప్రపంచ రికార్డు.

రీప్లే చూసి తీర్పు మార్చే వీలు లేని రోజులవి. మ్యాచ్ చేజారే ప్రమాదం కళ్లెదుటే ఉన్నా విశ్వనాథ్ వెనకాడలేదు. మన క్రికెట్‌లో ఇంతకన్నా గొప్ప కెప్టెన్సీ నిర్ణయం నాకు కనిపించదు. ఆయన సారథ్యం వహించినవి రెండే టెస్టులు!

అప్పీలు వెనక్కి తీసుకునే హక్కు ఫీల్డింగ్ కెప్టెన్‌కు ఇప్పటికీ ఉంది. అంపైర్ ఒప్పుకోవాలి, తర్వాతి బంతి ఆటలోకి రాకముందే వెనక్కి తీసుకోవాలి.