పండ్లకు బూజు పట్టకుండా: స్ట్రాబెర్రీ, నేరేడు నిల్వలో తడే అసలు శత్రువు

శీతాకాలంలో భిలాయి పండ్ల బండ్లపై స్ట్రాబెర్రీ పెట్టెలు కనిపిస్తాయి. తొలకరి వానలతో నేరేడు గంపలు వస్తాయి. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకొని ఇంటికి మళ్లే కార్మికుడు పిల్లల కోసం ఒక పెట్టె కొన్నాడనుకుందాం. రెండు రోజులు గడిచాక మూత తీస్తే, అడుగున ఉన్న పండ్లపై బూడిదరంగు నూగు కనిపిస్తుంది. కష్టార్జితంలో కొంత చెత్తబుట్ట పాలవుతుంది. ఈ నష్టాన్ని చాలావరకు ఇంట్లోనే నివారించవచ్చు. అందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. బూజు ఎలా పెరుగుతుందో తెలుసుకొని, దానికి కావలసిన తడిని, వెచ్చదనాన్ని అందకుండా చేస్తే చాలు.

బూజు ఎక్కడి నుంచి వస్తుంది?

స్ట్రాబెర్రీపై కనిపించే బూడిదరంగు బూజుకు ప్రధాన కారణం బోట్రైటిస్ సినీరియా అనే శిలీంధ్రం. ఇది చాలా సందర్భాలలో తోటలోనే పండును చేరుతుంది. పూత దశలోనే పువ్వులోకి ప్రవేశించి, కాయ పండేవరకు పైకి కనబడకుండా ఉండగలదు. రైజోపస్ అనే మరో శిలీంధ్రం సోకితే పండు మెత్తబడి రసం కారుతుంది. తెల్లని దారాల చివర గుండుసూది తలల వంటి నల్లని చుక్కలు కనిపిస్తాయి.

స్ట్రాబెర్రీలో సుమారు 90 శాతం నీరే. తొక్క అతి పలుచన. ఛత్తీస్‌గఢ్ ఈశాన్య కొసన ఉన్న జశ్‌పూర్ జిల్లాలో ఈ పంట పండుతోంది. దేశంలో స్ట్రాబెర్రీ సాగుకు ప్రసిద్ధమైన మహాబలేశ్వరం మహారాష్ట్రలో ఉంది. ఎక్కడి నుంచి వచ్చినా భిలాయి చేరేలోగా పండు సుదూరం ప్రయాణిస్తుంది. దారిలో తగిలిన ప్రతి ఒత్తిడీ, ప్రతి గీతా శిలీంధ్రానికి తెరిచిన తలుపే. నేరేడుదీ ఇదే పరిస్థితి. కొమ్మలు దులిపి రాల్చిన పండ్లు నేలను తాకి చిట్లుతాయి. అందుకే గది వేడిమిలో అవి ఒకటి రెండు రోజులకే తాజాదనం కోల్పోతాయి.

కొనేటప్పుడు, ఇంటికి చేరగానే

పెట్టెను తలకిందులు చేసి అడుగుభాగం చూడాలి. రసం మరకలు ఉంటే ఆ పెట్టెను వదిలివేయడం మేలు. స్ట్రాబెర్రీ కోసిన తరువాత మామిడి వలె మాగదు. కాబట్టి పచ్చిగా ఉన్నవి ఇంట్లో పండుతాయని ఆశించరాదు.

ఇంటికి చేరగానే పండ్లను పళ్లెంలో పరచి ఏరాలి. బూజు పట్టినవాటిని పారవేయాలి. చిట్లినవి, మెత్తబడినవి ఆ పూటే తినాలి. మంచివాటిని తొడిమ తీయకుండానే, పొడి నూలుగుడ్డ లేదా టిష్యూ కాగితం పరచిన వెడల్పాటి డబ్బాలో ఒకే వరుసగా అమర్చాలి. మూత బిగించకుండా కొద్దిగా గాలి ఆడనివ్వాలి. గుడ్డ తడిస్తే మార్చాలి.

ఫ్రిజ్‌లో తలుపు అరలు పదేపదే వెచ్చబడతాయి. కనుక డబ్బాను లోపలి అరలో ఉంచాలి. 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ చల్లదనంలో రైజోపస్ దాదాపు ఎదగదు. బోట్రైటిస్ మాత్రం ఆగదు, నెమ్మదిస్తుంది. అందుకే ఫ్రిజ్‌లో పెట్టినా రోజూ ఒకసారి చూసి, పాడైన పండును వెంటనే తీసివేయాలి.

ఎప్పుడు కడగాలి?

తినే ముందు మాత్రమే కడగాలన్నది ప్రధాన సూత్రం. ముందే కడిగి తడిగా దాచిన పండుకు బూజు త్వరగా పడుతుంది. కొన్ని రోజులు నిల్వ ఉంచదలచినవారు ఒక పాలు వెనిగర్‌కు మూడు పాళ్ల నీరు కలిపి, అందులో పండ్లను కొద్దిసేపు ముంచి, మంచినీటితో కడగవచ్చు. దీనివల్ల పైపైన ఉన్న శిలీంధ్రాలు తగ్గుతాయి గానీ లోపల దాగినవి పోవు. ఆ తరువాత పండ్లను గుడ్డపై పరచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరబెట్టే ఓపిక లేనప్పుడు కడగకపోవడమే మంచిది. సబ్బు, డిటర్జెంట్ వాడరాదు.

వేడినీటి పద్ధతి కూడా ఉంది. స్ట్రాబెర్రీలను సుమారు 52 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ముంచి ఆరబెడితే బూజు ఆలస్యమవుతుందని అమెరికా ఆహార శాస్త్ర రచయిత హెరాల్డ్ మెగీ 2009లో వివరించారు. ఉష్ణమాపకం లేకుండా దీనిని ప్రయత్నించరాదు. వేడి పెరిగితే పండు ఉడికిపోతుంది.

బూజు భాగం కోసి తినవచ్చా?

తినరాదు. మెత్తని పండ్లలో శిలీంధ్రపు దారాలు కంటికి కనిపించే మచ్చను దాటి లోపలికి పాకుతాయి. బూజు పట్టిన పండును పూర్తిగా పారవేయాలి. దానికి ఆనుకొని ఉన్నవాటిని పరిశీలించి, గట్టిగా, శుభ్రంగా ఉంటేనే కడిగి తినాలి. బూజును వాసన చూడరాదు. ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి అది మరింత హానికరం.

ఫ్రిజ్ లేని ఇళ్లలో

ఫ్రిజ్ లేనివారు ఆ రోజుకు సరిపడా మాత్రమే కొనడం ఉత్తమం. ఎక్కువగా ఉంటే చక్కెర వేసి ఉడికించి జామ్‌గా మార్చుకోవచ్చు. చక్కెర పండులోని నీటిని పట్టి ఉంచి, శిలీంధ్రానికి అందకుండా చేస్తుంది. ఫ్రీజర్ ఉన్నవారు కడిగి ఆరబెట్టిన పండ్లను పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తరువాత సంచిలో నింపితే అవి నెలల తరబడి నిలుస్తాయి. కరిగాక మెత్తబడతాయి కనుక రసానికీ జామ్‌కూ వాడుకోవచ్చు.

ఈ సూత్రం మన పెద్దలకు కొత్తది కాదు. భోగి నాటికి తెచ్చుకొని మిగిలిన రేగుపండ్లను బెల్లం, ఉప్పు, మిరప, జీలకర్రతో దంచి, ఎండలో ఆరబెట్టి రేగు వడియాలు చేయడంలో ఉన్న కిటుకు అదే. ఎండ తడిని తీసివేస్తే, ఉప్పూ బెల్లమూ మిగిలిన నీటిని పట్టి ఉంచుతాయి. ఉక్కు కర్మాగారం కొలువుల కోసం భిలాయికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ వంటకం సుపరిచితమే. ఛత్తీస్‌గఢీలో ‘బోయిర్’ అని పిలిచే రేగు ఇక్కడా విరివిగా దొరుకుతుంది.

ముందు ఏరడం, తరువాత ఆరబెట్టడం, ఆపై చల్లగా ఉంచడం, చివరగా తినే ముందు కడగడం. ఈ వరుస తప్పకపోతే కొన్న పండ్లలో ఎక్కువ భాగం చెత్తబుట్టకు కాక పిల్లల చేతికే చేరుతుంది.