స్మార్ట్ స్కేల్ చెప్పే ‘మెటబాలిక్ ఏజ్’ని నమ్మొచ్చా?

ఇప్పుడు బడ్జెట్ స్మార్ట్ స్కేల్ కూడా బరువుతో పాటు బాడీ ఫ్యాట్, మజిల్ మాస్, బీఎంఆర్, మెటబాలిక్ ఏజ్ అంటూ బోలెడు నంబర్లు చూపిస్తోంది. మూడు వారాలుగా ఒకటి వాడుతున్నా. యాప్‌లో నా వయసు 20 ఏళ్లు పెంచేసి, వెంటనే మళ్లీ ఎక్కి చూశా. మనిషి అదే, బరువు అదే. బీఎంఆర్ మాత్రం టక్కున పడిపోయింది!

కారణం సింపుల్. స్కేల్ నిజంగా కొలిచేవి రెండే: బరువు, అరికాళ్ల నుంచి పంపే అతి స్వల్ప కరెంట్‌కు ఒంట్లో ఎదురయ్యే అడ్డు. నీరు ఎక్కువుండే కండలో కరెంట్ తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. మిగతాదంతా ఫార్ములా. బాగా వాడుకలో ఉన్న మిఫ్లిన్-సెయింట్ జియోర్ ఫార్ములా (1990) తీసుకోండి. వయసు ఏడాది పెరిగితే 5 క్యాలరీలు కట్. ఒకే ఎత్తు, బరువున్న 25 ఏళ్ల కుర్రాడికీ 55 ఏళ్ల పెద్దాయనకూ రోజుకు 150 క్యాలరీల తేడా వస్తుంది. ఎవరికి కండ ఎంతుందో దానికి అక్కర్లేదు.

మరి ముప్ఫై దాటితే మెటబాలిజం స్లో అవుతుందంటారు కదా? హెర్మన్ పాంట్జర్ బృందం 2021లో ‘సైన్స్’ జర్నల్‌లో వేసిన స్టడీ చూడండి. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, 8 రోజుల పసిబిడ్డ నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా. ఒంటి సైజు, కండ లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 వరకు క్యాలరీల ఖర్చు దాదాపు స్థిరం. ఆ తర్వాతే ఏడాదికి సుమారు 0.7 శాతం తగ్గుదల. కాబట్టి 35కే వచ్చిన పొట్టకు నెపం మెటబాలిజం మీద నెట్టడానికి లేదు బాస్.

అసలు మారేది లోపలి వాటా. మా నాన్నకు 61. పదేళ్లుగా 68 కిలోలే అని గర్వంగా చెప్తారు. కానీ ప్యాంటు తొడల దగ్గర వదులు, నడుము దగ్గర బిగుతు. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు. కండ పోయిన చోటును కొవ్వు భర్తీ చేస్తే బరువు కదలదు.

అందుకే నా సలహా: మెటబాలిక్ ఏజ్‌ని వదిలేయండి. రోజూ పొద్దున్నే, ఏమీ తినక ముందే ఎక్కి, నెలల తరబడి మజిల్ గ్రాఫ్ ఎటు పోతోందో చూడండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం ఎక్కొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకైతే ఫ్రీ టెస్ట్ ఒకటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. అమెరికా సీడీసీ లెక్కలో 60-64 ఏళ్ల మగవాళ్లకు 14 కన్నా తక్కువంటే సగటు కంటే కిందే. నాన్న స్కోర్ 11.