తలకు సీటీ: రేడియేషన్ ఎంత, గడువెంత?

మూతి వంకరపోయి, మాట తడబడి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని కరీంనగర్‌లోనో ఆదిలాబాద్ రిమ్స్‌లోనో దించగానే డాక్టర్ ముందుగా రాసేది తలకు సీటీ స్కాన్. వెంట వచ్చినవాళ్లలో ఒకరు తప్పక అడుగుతారు: ‘రేడియేషన్ అంటరు గద సారూ, ఏమన్న అయితదా?’ అడగాల్సిన ప్రశ్నే.

సీటీలోనూ ఉండేవి ఎక్స్‌రే కిరణాలే. తల చుట్టూ తిరిగి పొరలు పొరలుగా బొమ్మ తీస్తాయి. కాంట్రాస్ట్ మందు ఎక్కించని మామూలు తల సీటీ డోసు సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు. నేల, గాలి, ఆకాశం, తిండి నుంచి మనకు ఏడాది పొడవునా ఎలాగూ అందేది ప్రపంచ సగటున 2.4. నిపుణుల అంచనా లెక్కలో ఇలాంటి స్కాన్ 10 వేల మందికి తీస్తే, ఏళ్లు గడిచాక ఒకరికి దానివల్ల క్యాన్సర్ రావచ్చు. వయసు మళ్లినవాళ్లకు అంత కూడా ఉండదు.

ఇక రెండో లెక్క. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చస్తాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. చిక్కేమిటంటే, నాళం పూడుకుపోయినా చిట్లినా పైకి కనిపించేది ఒకే పక్షవాతం. చిట్లినవాళ్లకు ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఏది జరిగిందో సీటీ నిమిషాల్లో తేలుస్తుంది. ఎంఆర్‌ఐలో ఈ కిరణాలు ఉండవు, నిజమే. కానీ దానికి ఎక్కువ సేపు పడుతుంది, అర్ధరాత్రి అన్నిచోట్లా దొరకదు. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు దారిలోనే గడువు కరిగిపోతుంది. మధ్యలో పసరు మందుకు ఆగారా, మిగిలిందీ పోయినట్టే.

మరి జాగ్రత్త ఎక్కడ? రక్తనాళాలు చూసే యాంజియో, రక్తప్రసరణ చూసే పర్‌ఫ్యూజన్ స్కాన్‌లలో డోసు ఎక్కువ. లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్-సైనాయ్ ఆసుపత్రిలో మెషిన్ సెట్టింగ్ తప్పి, 200 మందికి పైగా మామూలుకు ఎనిమిది రెట్ల డోసు తగిలినట్టు 2009లో బయటపడింది. కొందరికి జుట్టు ఊడింది. అది అరుదు. మన దగ్గర మామూలుగా జరిగే పొరపాటు వేరు: ఫిల్ములు ఇక్కడే మరిచి హైదరాబాద్ పోవడం, అక్కడ మళ్లీ తీయించుకోవడం. ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడు తీసేది మాత్రం అవసరమైన స్కానే, దానికి అడ్డు చెప్పకండి.

అంబులెన్స్ ఎక్కేముందు ఫిల్ములు, సీడీ అడిగి తీసుకోండి. మనిషి ఆఖరుసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో చీటీ మీద రాసి వాటితోపాటే పెట్టండి.