నడుముకున్నది చెప్పాలా, దాచాలా?

లైసెన్సు రివాల్వర్లున్న ఇళ్లలో ఎడతెగని మీమాంస

నంద్యాల: వెనుకటి రోజుల్లో పల్లెల్లో ఎవరింట తుపాకీ ఉన్నదో ఊరందరికీ తెలిసేది. సింగిల్ బ్యారెలో, డబుల్ బ్యారెలో నట్టింట గోడకు వేలాడుతూ ఉండేది. దసరా వస్తే నాగలితోపాటు దానికీ బొట్టు పెట్టేవారు. చేలమీద పడే పందులను బెదరగొట్టడానికి భుజాన వేసుకుని పోతుంటే దారిన పోయేవారు పక్కకు తప్పుకునేవారు. అది దాచుకునే వస్తువు కాదు. దాచాలన్నా దాగేది కాదు.

రివాల్వరు సంగతి వేరు. జానెడు వస్తువు. చొక్కా కింద నడుముకు పెట్టుకుంటే పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు. వ్యాపారులు, కాంట్రాక్టర్లు, పాత కక్షల భయం ఉన్నవారు లైసెన్సు తీసుకుని దాన్ని వెంట ఉంచుకుంటున్నారు. లైసెన్సు రావడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఇంకొక ఎత్తు. నా దగ్గర ఉన్నదని నలుగురికీ చెప్పాలా? ఎవరికీ తెలియకుండా ఉంచాలా? చెబితే ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్నకు కలెక్టరు కార్యాలయంలో జవాబు దొరకదు. ఎవరికి వారే తేల్చుకోవాలి.

చట్టం కప్పుకోమంటుంది

మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది. 21 ఏళ్లు నిండినవారు మాత్రమే లైసెన్సుకు అర్హులు. జిల్లాలో దరఖాస్తు కలెక్టరుకు చేసుకోవాలి. పోలీసులు విచారించి నివేదిక ఇస్తారు. ప్రాణభయం ఉన్నదన్నంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు. పూర్వం ఒక్కొక్కరు మూడు తుపాకులదాకా ఉంచుకోవచ్చు. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ దాన్ని రెండుకు తగ్గించింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

సామాన్యులకు ఇచ్చే చేతి తుపాకులలో ఎక్కువగా కనిపించేది .32 బోరు రివాల్వరు. 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ బోరు కిందకు వస్తుంది. కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో ‘నిర్భీక్’ పేరిట ఒక .32 రివాల్వరును ఆడవారిని దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. దాని బరువు అర కిలో. చేతిసంచిలో వేసుకుంటే సంచీ బరువే తెలియదు.

బహిరంగ ప్రదేశంలోకి చేతి తుపాకీ తీసుకుపోతే దాన్ని ఒరలో ఉంచి, పైకి కనిపించకుండా పూర్తిగా కప్పి, తన అదుపులో పెట్టుకోవాలని 2016 నాటి ఆయుధాల నియమావళి చెబుతోంది. పెళ్లిలో, ఊరేగింపులో, జాతరలో బయటికి తీసి ఊపినా, గాలిలో పేల్చినా నేరమే. వేడుక కోసం నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2019 సవరణ స్పష్టం చేసింది.

అంటే కంటికి కనిపించకూడదని చట్టమే అంటున్నది. అయితే నోటితో చెప్పాలా వద్దా అన్నది మాత్రం మనిషికే వదిలిపెట్టింది. చిక్కంతా అక్కడే ఉన్నది.

చీరల కింద చల్లగా తగిలింది

నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్న ఒకాయన సంగతి ఇందుకు ఉదాహరణ. బాకీలు వసూలు చేసుకుని రాత్రిపూట డబ్బుతో తిరిగి రావలసి ఉండడంతో లైసెన్సు తీసుకున్నారు. ఎవరికీ చెప్పకూడదని మొదట్లోనే నిశ్చయించుకున్నారు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెతను నమ్మి, భార్యకు కూడా చెప్పలేదు.

ఆ ఇల్లాలికి రెండు నెలల తర్వాత తెలిసింది. ‘‘బీరువాలో చీరల కింద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. పామనుకుంటి. తీసి చూస్తే ఇది. మా చిన్నోనికి ఏడేండ్లు. నాకంటే ముందు వాని చేతికి తగిలింటే ఏం గావల్ల?’’ అని ఆమె అడుగుతున్నారు. దొంగలకు భయపడి తెచ్చిన వస్తువుకు ఇంట్లో బిడ్డల గురించి భయపడవలసి వచ్చిందన్నది ఆమె బాధ. ఆ రోజునుంచి రివాల్వరుకు వేరే పెట్టె, వేరే తాళం వచ్చాయి. తూటాలు ఇంకొకచోట పెడుతున్నారు.

అంతటితో గుట్టు నిలవలేదు. ఇంట్లో జరిగిన రగడ బావమరిది చెవిన పడింది. అతడు టీ అంగట్లో గొప్పగా చెప్పాడు. ‘‘మా బావతో జాగ్రత్తగా ఉండండప్పా, నడుంకు సామాను ఉంది’’ అన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకింది.

ఫ్యాక్టరీలో శనివారం కూలి లెక్కల దగ్గర ఎప్పుడూ వాదులాట జరిగేది. కోత రేటు గురించి, పగిలిన రాళ్ల గురించి పనివారు గట్టిగా అడిగేవారు. ఆ తర్వాత ఎవరూ అడగడం మానుకున్నారు. ఇచ్చినంత తీసుకుని పోయారు. యజమానికి మొదట ఇది బాగానే ఉన్నట్టు తోచింది. నెల తిరగకముందే పాతకాలపు పనివాడొకడు మాట చెప్పకుండా తాడిపత్రి వైపు పనికి వెళ్లిపోయాడు. ‘‘ఆయన మంచోడే. ఒక్క మాట గూడా అనలేదు. కానీ నడుంకు అది ఉన్న మనిషితో రూపాయికి యాడ కొట్లాడేది?’’ అని అతడు తోటివారితో అన్నాడట.

అంతకంటే పెద్ద నష్టం అయినవాళ్ల దగ్గర జరిగింది. చిన్నాయన కొడుకులతో ఆయనకు పొలం గట్టు తగాదా ఉన్నది. పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడదామంటే తమ్ముళ్లు రాము పొమ్మన్నారు. ‘‘అన్నతో మాట్లాడాలంటే ఇప్పుడు మొగం కంటే ముందు నడుం చూస్తాము. ఇంక మాటలేం మాట్లాడతాం?’’ అన్నది వారి ప్రశ్న. తుపాకీ ఒక్కసారి కూడా బయటికి రాలేదు. ఊళ్లో అది ఉన్నదన్న మాట ఒక్కటే తిరిగింది.

‘‘చెప్తే బెదిరిస్తున్నాడంటారు, చెప్పకుంటే దొంగతనంగా పెట్టుకున్నాడంటారు. యాటికి పోవల్ల నేను?’’ అని ఆ యజమాని వాపోతున్నారు.

కాపలా తుపాకీ, నడుము తుపాకీ

సైన్యంలో పనిచేసి వచ్చి, లైసెన్సు తుపాకీతో బ్యాంకు దగ్గర కాపలా ఉంటున్న ఒక మాజీ సైనికుడు ఈ తేడాను బాగా చెబుతున్నారు. ‘‘మా తుపాకీ అందరికీ కనపడవల్ల. కనపడడమే దాని పని. దాన్ని చూసి దొంగ వెనక్కి పోతే మా జీతం గిట్టినట్టే. నడుముకు పెట్టుకునేది ఆఖరి గడియ కోసం. దాన్ని అందరికీ చెప్పుకుంటే, నిన్ను కొట్టాలనుకునేవాడు ఇద్దరికి బదులు నలుగురిని తెచ్చుకుంటాడు. లేదంటే ముందు నీ చెయ్యే పట్టుకుంటాడు’’ అని ఆయన హెచ్చరిస్తున్నారు.

దొంగలకు తుపాకీమీద కూడా ఆశ ఉండవచ్చని మరచిపోరాదు. ఫలానా ఇంట్లో రివాల్వరు ఉన్నదని ప్రచారమైతే ఆ ఇంటికి అదే ముప్పు. పోగొట్టుకుంటే వెంటనే పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత లైసెన్సుదారుదే. అందుకే టీ అంగట్లోనూ, మందు సీసా దగ్గరా ఈ మాట ఎత్తకపోవడమే మేలని అనుభవజ్ఞులు అంటున్నారు. ఈ కాలపు కుర్రకారు నాయన రివాల్వరు పట్టుకుని ఫొటో దిగి సెల్‌ఫోనులో స్టేటస్ పెడుతున్నారు. లైసెన్సు తండ్రి పేరున ఉండగా కొడుకు చేతిలో ఆయుధం ఉన్నదనడానికి ఆ ఫొటోయే సాక్ష్యం అవుతుంది.

ఎవరికి చెప్పి తీరాలి?

గుట్టు పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది పోలీసులు. ఆయుధం వెంట ఉన్నవారిని ఏ పోలీసు అధికారి అయినా లైసెన్సు చూపమని అడగవచ్చు. చూపలేకపోతే పేరు, చిరునామా చెప్పాలి. అవసరమనుకుంటే ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పేరు చెప్పకపోయినా, తప్పుడు పేరు చెప్పినట్టు అనుమానం వచ్చినా వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. కాబట్టి రివాల్వరు నడుముకు ఉంటే లైసెన్సు జేబులో ఉండాలి.

విమానంలో తుపాకీని వెంట ఉంచుకుని కూర్చోవడం కుదరదు. కౌంటరులో ముందుగా చెప్పి, లైసెన్సు చూపి, తూటాలు తీసి, సామానులో అప్పగించాలి. తిరుమల కొండకు పోయేవారు అలిపిరి దగ్గర తనిఖీ దాటాలి. కొండపైకి ఆయుధాలు తీసుకుపోవడం నిషిద్ధం. అక్కడ దొరికిన తర్వాత చెప్పడం కంటే ఇంట్లోనే భద్రపరచి పోవడం మర్యాద.

ఇక చట్టంలో రాయని చోటు ఇల్లు. భార్యకు, ఇంట్లోని పెద్దవారికి చెప్పకుండా ఇంట్లో తుపాకీ ఉంచడం ప్రమాదమని పాలిష్ ఫ్యాక్టరీ యజమాని కథే చెబుతున్నది. బంధువుల ఇంటికి పోయి రాత్రి పడుకోవలసి వస్తే ఆ ఇంటి యజమానికి ఒక్కడికైనా చెవిలో వేయడం ధర్మం. ఆ ఇంట్లోనూ పిల్లలు ఉంటారు. చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, ఒరను దిండు కింద పెట్టి స్నానానికి పోతే ఆ దిండును ఎవరు ఎత్తుతారో తెలియదు.

అదే మాట, అదే నేరం

చెప్పడంలోనూ సమయం సందర్భం ఉన్నాయి. భార్యకు ‘బీరువాలో తుపాకీ ఉంది, పిల్లలు జాగ్రత్త’ అని చెప్పడం బాధ్యత. నీళ్ల వంతు దగ్గర పక్క రైతుతో ‘నా దగ్గర తుపాకీ ఉంది, తెలుసా?’ అనడం బెదిరింపు. రెండుచోట్లా తుపాకీ ఒకటే, వాస్తవమూ ఒకటే. రెండో మాటకు కేసు పెట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ప్రకారం చంపుతానని బెదిరిస్తే ఏడేళ్లదాకా శిక్ష పడవచ్చు. లైసెన్సు రద్దయ్యే అవకాశమూ ఉన్నది.

ఎంత గుట్టుగా ఉంచినవారికీ ఎన్నికలు వస్తే దాగదు. కోడ్ వచ్చిన తర్వాత లైసెన్సు ఆయుధాలను స్టేషనులో డిపాజిట్ చేయమని పోలీసులు కబురు పంపుతారు. ఫలితాలు వచ్చాక తిరిగి ఇస్తారు. సంచీ పట్టుకుని స్టేషను మెట్లు ఎక్కినవారిని చూసి ఎవరెవరి దగ్గర ఏమున్నదో ఊరు లెక్క వేసుకుంటుంది. ఐదేళ్ల గుట్టు ఒక పూటలో బయటపడుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లల మాట

మన పల్లెల నుంచి అమెరికా పోయిన పిల్లల తల్లిదండ్రులకూ ఈ విషయం అక్కరకు వస్తుంది. ఆ దేశంలో చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరగడం మామూలు. టెక్సాస్ రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు దాటిన అర్హులకు దానికి లైసెన్సు కూడా అక్కరలేదు. మిషిగన్ రాష్ట్రంలో అయితే పోలీసులు ఆపిన వెంటనే ‘నా దగ్గర తుపాకీ ఉంది’ అని తనంతట తానే చెప్పాలి. అయితే చదువుకోవడానికో, తాత్కాలిక వీసాపై ఉద్యోగానికో పోయినవారు కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకోవడమే అక్కడ కేంద్ర చట్టం ప్రకారం నేరం. స్నేహితుడిది దాచిపెట్టినా చిక్కే.

చెప్పినా ప్రాణం దక్కని సంఘటన కూడా అక్కడే జరిగింది. 2016 జూలై 6న మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడి కారును పోలీసులు ఆపారు. బడిలో వంటశాల ఉద్యోగి. తుపాకీకి అనుమతి ఉన్నది. తన దగ్గర తుపాకీ ఉన్నదని మర్యాదగానే చెప్పాడు. క్షణాల్లో పోలీసు అధికారి కాల్చి చంపాడు. కారులో ఒక చిన్నపాప కూడా ఉన్నది. మరుసటి ఏడాది ఆ అధికారిని జూరీ నిర్దోషిగా వదిలిపెట్టింది. ఎదుటివాడి భయం ముందు నిజం చెప్పడం కూడా ఒక్కొక్కసారి సరిపోదని ఆ ఘటన తెలిపింది.

పిల్లలను ఆడుకోవడానికి పక్కింటికి పంపేముందు ‘మీ ఇంట్లో తుపాకీ ఉన్నదా, తాళం వేసి ఉన్నదా?’ అని అడగమని ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘం తల్లులకు చెబుతున్నది. మన పల్లెల్లో ఇలా అడగడానికి మొగమాటం అడ్డువస్తుంది. అడగలేనివారి బదులు ఉన్నవారే చెప్పడం మంచిది.

నడుము చూపించిన పెద్దమనిషి

పాలిష్ ఫ్యాక్టరీ యజమాని చివరకు ఒక పని చేశారు. గట్టు పంచాయితీకి రమ్మని తమ్ముళ్లకు రెండోసారి కబురు పంపుతూ, తుపాకీ ఇంట్లో తాళంలో పెట్టి వస్తానని కూడా చెప్పించారు. రచ్చబండ దగ్గర కూర్చోకముందే చొక్కా పైకెత్తి నలుగురికీ నడుము చూపించారు. ‘‘ఉండేది నిజమే. రాత్రిపూట డబ్బు తెచ్చే దారికే అది. మీ కోసం తెచ్చుకోలేదు నాయనా’’ అన్నారు. చిన్న తమ్ముడు మాట్లాడలేదు. పెద్ద తమ్ముడు మాత్రం వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

ఆ రోజు తగాదా తీరలేదు. గట్టు ఎటు జరిగిందో సర్వేయరును పిలిపించి కొలిపించాలని మాత్రం ఒప్పుకున్నారు. మునుపటి మాదిరే ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారని పెద్దమనుషులు సంతోషంగా చెబుతున్నారు.