గాలి ముదరక ముందే చాప దించాలి

ఛోటానాగ్‌పూర్ పీఠభూమిపై మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నపు ఎండకు పుట్టే ఉరుముల మేఘాలు సాయంత్రానికి బెంగాల్ దిశగా సాగుతాయి. కాలబైశాఖిగా పేరుపడిన ఈ ఈదురుగాలులు జంషెడ్‌పూర్‌కు ఏటా వచ్చే అతిథులే. దాల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా జలాశయంపై అప్పటిదాకా అద్దంలా ఉన్న నీరు నిమిషాల్లో తిరగబడగలదు. చిన్న జలాశయమైనా, మహాసముద్రమైనా తెరచాపకు గాలి వేసే లెక్క ఒక్కటే.

గాలి వేగం రెట్టింపైతే చాపపై ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా సాగిన పడవ 40 కిలోమీటర్ల గాలిలో పక్కకు ఒరిగిపోవడానికి కారణమిదే. అందుకే నావికులు పెద్ద చాపను కొంత కిందికి దించి, మిగిలిన గుడ్డను మడిచి కడతారు. దీన్ని రీఫింగ్ అంటారు. గాలి ముదిరాక ఈ పని చేయబోతే చాప బిగుసుకుపోయి దిగదు. పైగా తడిసి, ఒరిగిన పడవపై నిలబడి చేయాలి. చాప తగ్గిస్తే వేగం పోతుందన్న భయం చాలావరకు అనవసరం. మరీ ఒరిగిన పడవలో చుక్కాని పట్టు తప్పుతుంది, దాన్ని అదేపనిగా తిప్పి సరిదిద్దుకోవడంలోనే వేగం హరించుకుపోతుంది.

అసలు కష్టం రేవు దగ్గర. పడవకు బ్రేకులుండవు. ఆపాలంటే ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి. వేగం తగ్గేకొద్దీ చుక్కాని మాట వినదు, అడ్డగాలి పడవను పక్కకు నెట్టేస్తుంది. గట్టిగాలిలో ఇరుకు రేవులోకి దూరడం కంటే దూరంగా, లోతు నీటిలో వేచి ఉండటమే ఒక్కోసారి క్షేమం.

2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘తారిణి’ అనే తెరచాప పడవలో గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల మీదుగా, కేప్ హార్న్ చుట్టి, 254 రోజుల తరువాత 2018 మే 21న తిరిగొచ్చారు. చివరి అంచెలో చుక్కాని తిప్పే యంత్రాంగంలో లోపం తలెత్తడంతో ప్రణాళికలో లేని మారిషస్‌లో ఆగి మరమ్మతు చేయించుకున్నారు. ఇల్లు దగ్గరపడిన వేళ తీసుకున్న ఆ నిర్ణయాన్ని తక్కువగా చూడనక్కర్లేదు.

డిమ్నా వంటి జలాశయంలో ఒడ్డు దగ్గరే ఉండటం పెద్ద వెసులుబాటు. అయితే వాయవ్యాన నల్లబడే మేఘం కొండల చాటున ఆలస్యంగా కంటపడవచ్చు. ఉరుము వినిపించిందంటే రీఫింగ్‌కు సైతం సమయం వెచ్చించకుండా ఒడ్డు చేరాలి. ఆ విశాలమైన నీటిపై పిడుగుకు అందే ఎత్తయిన వస్తువు పడవ స్తంభమే.